పెద్దవాళ్లకి ఇల్లు అద్దెకివ్వరా వైజాగ్‌లో?

మాది సీతమ్మధార, పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఇప్పుడు ఓనరు ఒకేసారి 14 వేలు చేశాడు. ప్రైవేటు కంపెనీలో చేశాను, పీఎఫ్ పెన్షన్ మందులకే చాలదు, మిగతాదంతా ఎఫ్‌డీ వడ్డీ మీదే. 9 వేలు దాటితే కష్టం. మా ఆవిడకి మోకాళ్లు, మెట్లెక్కలేదు. మొన్న మర్రిపాలెంలో ఒకటి బాగా నచ్చి అడ్వాన్స్ ఇద్దామని డబ్బు తీసేసరికి ఓనరావిడ మీ వయసెంతండీ అని అడిగారు, 68 అన్నాను, పిల్లలు మీతో ఉండరా అన్నారు, సాయంత్రం ఫోన్ చేసి మా చుట్టాలే దిగుతున్నారండీ అని చెప్పేశారు. ఇది మూడోసారి. అద్దె కడతాననే కదా అంటున్నా?

— చుట్టాలూ లేరు పక్కాలూ లేరు మాస్టారూ, ధనిష్టా పంచకం భయం. ఇంట్లో ఎవరన్నా పోయి, పోయిన నక్షత్రం బాలేదంటే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి, ఆర్నెల్ల అద్దె పోద్ది, కింద వాళ్లుంటే వాళ్లూ ఖాళీ చెయ్యాలి. మొహం మీద చెప్పలేక చుట్టాల్ని పుట్టిస్తారు. మా నాన్నకి ఇల్లు వెతికినప్పుడు నాకూ ఇదే అయ్యింది.

— అందుకే ఓనరు కింద ఉండి పై వాటా ఇచ్చే ఇళ్ల జోలికి పోకండి. బెంగళూర్లోనో అమెరికాలోనో ఉండే వాళ్ల ఫ్లాట్లు చూడండి, వాళ్లకి గోడలకి మేకులు కొట్టకుండా ఇల్లు శుభ్రంగా ఉంచేవాళ్లు కావాలి, నక్షత్రాలు ఎవడిక్కావాలి. టులెట్ బోర్డు పెట్టేదాకా ఆగొద్దు, వాచ్‌మన్‌కి ఓ వంద ఇస్తే వచ్చే నెల ఏ ఫ్లాట్ ఖాళీ అవుద్దో చెప్పేస్తాడు, బ్రోకరుకిచ్చే నెల అద్దె మీకు మిగుల్తుంది. మెయింటెనెన్స్ విడిగానా కలిపా అన్నది ముందే అడగండి, 8 వేలని చెప్పి ఇంకో 1500 అంటారు.

— గోపాలపట్నం, వేపగుంట వైపు రండి సార్. మధురవాడ వద్దు, అక్కడ డేటా సెంటర్ పేరు చెప్పి పెంకుటింటికి కూడా రేటు పెంచుతున్నారు. వేపగుంటలో సింహాచలం దేవస్థానం భూముల గొడవ ఉంది గానీ అది కొనేవాళ్లకి, అద్దెకుండే మనకేంటి. 28 నంబరు బస్సెక్కితే జగదాంబలో దిగొచ్చు, కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గరే. చూడ్డానికి వెళ్లినప్పుడు కొళాయి తిప్పండి, వేసవిలో ట్యాంకరు తెప్పిస్తారా అని పక్కింటివాళ్లనడగండి, ఓనర్ని కాదు.

— థాంక్సండీ అందరికీ. రేపు పొద్దున్నే గోపాలపట్నం వెళ్తున్నాం. లిఫ్ట్ ఉన్నా కరెంటు పోతే జనరేటర్ దానికి కూడా ఇస్తారా అని మా ఆవిడ అడగమంటోంది, ఎవరన్నా చెప్పగలరా?