మొదటి కెమెరా: తక్కువ బడ్జెట్‌లో ఏది తీసుకోమంటారు?

నాలుగేళ్లుగా ఫోన్‌తోనే ఫోటోలు తీస్తున్నానండి, కానీ సాయంత్రం ఇంట్లో లైటు వెలుతురులో మా పాప పరిగెడుతుంటే తీసిన ప్రతి ఫోటోలో చేతులు చెదిరిపోయి, జుట్టంతా ఒక ముద్దలా వస్తోంది. ఇక మంచి కెమెరా కొనాల్సిందే అనుకున్నాను. లెన్స్, కార్డు, ఇంకో బ్యాటరీ అన్నీ ఉన్న డబ్బులోనే సర్దుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి5600, సోనీ ఏ6000 చూశాను. రెండూ 24 మెగాపిక్సెల్, ఏపీఎస్-సీ సెన్సరే (ఫుల్-ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ సైజు సెన్సర్ కన్నా చిన్నది). సోనీ చిన్నది, రోజూ బ్యాగులో వేసుకోవచ్చు, కానీ 2014 మోడల్, బాడీలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు (పరిగెత్తే పిల్లలకు షట్టర్ స్పీడే ముఖ్యమనుకోండి). నికాన్ చేతిలో పట్టు బాగా కుదిరింది, అయితే దాని బాడీలో ఫోకస్ మోటార్ లేదు కాబట్టి సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు పెడితే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

నాకైతే కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ వదిలేసి, ఎక్కువ వెలుతురు రానిచ్చే ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఒక్కటే కొనాలనుంది. 50 ఎంఎం లెన్స్ ఈ చిన్న సెన్సర్ మీద ఫుల్-ఫ్రేమ్‌లోని 75 ఎంఎంలా దగ్గరగా కనిపిస్తుంది కదా, చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. 35 నయమా? ఇంట్లో పిల్లల్ని తీసేవాళ్లు కాస్త చెప్పండి. షట్టర్ కౌంట్ (కెమెరాతో అప్పటికే తీసిన ఫోటోల లెక్క) ఎంత దాటితే వద్దనుకోవాలి? లెన్స్‌లో ఫంగస్ ఉందో లేదో మీరెలా చూస్తారు?