చిన్నపిల్లల్ని వదిలి కువైట్ వెళ్లే తల్లిది తప్పేనా? (ఆర్.సి.ఎం. కుటుంబాల చర్చ)

లేసుదారం (నరసాపురం దగ్గర)

అందరికీ వందనాలండి. ఇక్కడ ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లు ఎక్కువమంది ఉన్నారని అడుగుతున్నాను. మా ఆయన రొయ్యల చెరువు లీజుకి తీసుకుని, తెల్లమచ్చ వైరస్ దెబ్బకి మునిగిపోయారు. ఇప్పుడు వేరేవాళ్ల చెరువు మీద మేతలు వేస్తున్నారు. నేను లేసు అల్లుతాను. ఆ డబ్బులు కూరగాయలకి సరిపోతాయి, వడ్డీకి చాలవు. నాకు ముప్పై రెండేళ్లు. కువైట్‌లో మా పెద్దమ్మ కూతురు పనిచేసే ఇంటి పక్కనే మనిషి కావాలన్నారంట. పాపకి ఎనిమిదేళ్లు, వచ్చే ఏడు ఫస్ట్ కమ్యూనియన్ (పూజలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవడం). బాబుకి నాలుగు. మా అత్తయ్యగారు చూసుకుంటానన్నారు.

మొన్న మా విచారణలో (మా ఫాదర్ గారి కింద ఉండే గుడి పరిధిలో) తల్లుల మీటింగు జరిగింది. ఒక పెద్దావిడ అందరి ముందూ అన్నారు: "ఇంట్లో జపమాల చెప్పించేది తల్లి. ఆవిడే ఎడారికి పోతే ఆ ఇంట్లో విశ్వాసం రెండేళ్లు కూడా నిలవదు. అప్పు ఎలాగోలా తీరుద్ది, పిల్లలు మళ్లీ దొరకరు." ఎవరూ నోరెత్తలేదు. ఫాదర్ గారు కూడా నవ్వి ఊరుకున్నారు.

నన్నెవరూ ఓదార్చక్కర్లేదు. ఇది నిజంగా తప్పా? శ్రీసభ (మన కాథలిక్ సంఘం) ఏమంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉపదేశిగారబ్బాయి (తణుకు)

చెల్లెమ్మా, కష్టంగా ఉన్నా చెప్తాను. ఆ పెద్దావిడ మాట తీరు బాగోలేదు గానీ విషయం నిజం, ఇంత చిన్నపిల్లల్ని వదిలి వెళ్లడం పాపమే. మా నాన్నగారు ముప్పై ఏళ్లకి పైగా ఉపదేశిగా, అంటే జపాలూ మతబోధా నేర్పుతూ, ఊళ్లు తిరిగారు. తల్లి గల్ఫ్‌కి వెళ్లిన ఇళ్లలో పిల్లలు కొన్నాళ్లు సత్యోపదేశం క్లాసుకి వస్తారు, తరవాత ఆదివారం పూజకి రారు, తరవాత క్రిస్మస్‌కి మాత్రమే వస్తారు. ఆయన చూసింది అదే.

రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ బిషప్పుల సభ) 1964లోనే కుటుంబాన్ని గృహ శ్రీసభ, అంటే ఇంట్లోని చిన్న శ్రీసభ, అంది. రెండవ జాన్ పౌలు పాపుగారు 1981లో కుటుంబం మీద ఇచ్చిన లేఖలో, తల్లులు బతుకుదెరువు కోసం ఇల్లు విడిచి పనికి వెళ్లక తప్పని పరిస్థితి సమాజం కల్పించకూడదని చెప్పారు. పునీత మోనికమ్మని చూడండి. కొడుకు అగస్తీను దారి తప్పి ఆఫ్రికా నుంచి ఓడెక్కి ఇటలీ పోతే, ఆవిడ సముద్రం దాటి మిలాను దాకా వెళ్లింది. 387లో అతనికి జ్ఞానస్నానం అయ్యేదాకా వెంటే ఉంది. తల్లి సముద్రం దాటింది పిల్లాడి దగ్గరికి, పిల్లాడికి దూరంగా కాదు.

పంతులమ్మ (భీమవరం)

తమ్ముడూ, ఆ లేఖ నువ్వే సరిగ్గా చెప్పి నువ్వే తిరగేసి చదువుతున్నావు. "వెళ్లక తప్పని పరిస్థితి కల్పించకూడదు" అన్నది ఎవరికి? సమాజానికి. అల్లికకి ఆ కూలి ఇచ్చే ఏజెంటుకి, చెరువు లీజుకి వడ్డీ మీద వడ్డీ వేసే షావుకారుకి. అప్పులో పడ్డ అమ్మాయికి కాదు. అదే సంవత్సరం పనీ కూలీ మీద ఇచ్చిన లేఖలో ఆయనే అన్నారు, ఒక మనిషి సంపాదన కుటుంబం మొత్తానికి సరిపోవాలని. మీ విచారణ తల్లుల మీటింగులో ఆ ముక్క ఎవరైనా చదివారా?

ఇంకో సంగతి. ఈ అమ్మాయి లేసు అల్లుతుందని చదవగానే నాకు జెలీ మార్టిన్ గుర్తొచ్చారు. మన చిన్న తెరేసమ్మ (ఫ్రాన్సు పునీతురాలు, మదర్ తెరేసా కాదు) తల్లి. ఫ్రాన్సులో అలెన్సోన్ అనే ఊళ్లో లేసు వ్యాపారం నడిపింది. మన నరసాపురంలో లాగే అక్కడా లేసే ఆడవాళ్ల కూడు. ముక్కలు ఇళ్లలో అల్లించి, తను వాటిని కలిపి కుట్టేది. భర్త లూయీ తన గడియారాల దుకాణం అమ్మేసి భార్య వ్యాపారం లెక్కలు చూసుకున్నాడు. ఇది 1870 నాటి మాట, ఇప్పటిది కాదు! తొమ్మిది కాన్పులు, నలుగురు చిన్నప్పుడే పోయారు. 1873లో తెరేసా పుట్టాక బిడ్డ నిలిచేట్టు లేదని పల్లెలో ఒక పాలదాది ఇంట్లో ఏడాదికి పైగా ఉంచింది. అలాంటి తల్లినీ ఆ తండ్రినీ 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పాపుగారు ఒకేసారి పునీతుల్ని (సెయింట్లని) చేశారు. బిడ్డని ఏడాది వేరే ఇంట్లో ఉంచిన తల్లి పునీతురాలైతే, ఈ అమ్మాయి పాపాత్మురాలు ఎలా అవుతుంది?

వాక్యమే ఆధారం (మొగల్తూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. జపమాల చెప్పించే తల్లి ఉందా లేదా అని ఇంత గొడవెందుకు? జపమాల బైబిల్లో ఎక్కడుంది? 1830ల నుంచి మన గోదావరి లంకల్లో సహోదరులు వాక్యం...

నిర్వాహకులు

వాక్యమే ఆధారం గారూ, దీనికి వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఆ అమ్మాయి అడిగింది అది కాదు.

ఉపదేశిగారబ్బాయి

టీచరుగారూ, జెలీ గారి పేరు మీరు తేవడం మంచిదైంది. మిగతాది కూడా చెప్పండి మరి. ఆ పాలదాది ఊరు అలెన్సోన్‌కి కొద్ది మైళ్లే. తల్లి వెళ్లి చూసుకునేది, దాది సంతకి వచ్చినప్పుడు పాపని తెచ్చేది. కువైట్ నుంచి సంతకి రారు. పైగా అది బిడ్డ ప్రాణం కోసం, అప్పు కోసం కాదు.

రాజోలు_రిటర్న్

నేను కువైట్‌లో ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) చేసి వచ్చినదాన్ని. తప్పా ఒప్పా అన్నది ఫాదర్లు తేల్చుకుంటారు. ఎలా ఉంటుందో నేను చెప్తాను.

మన ఊళ్లో సాయంత్రం ఏడున్నరకి జపమాల అనుకోండి, అక్కడ అయిదు. ఆ టైముకి మేడమ్ చుట్టాలు, పిల్లలు, టీలు, రాత్రి వంట. వెళ్లేముందు అందరం అనుకుంటాం, ఐమోలో వీడియో కాల్ పెట్టుకుని రోజూ కలిసి చెప్పుకుందామని. నేను వంటింట్లో ఫోను నూనె డబ్బాకి ఆనించి, చప్పుడు లేకుండా పెదాలు కదిపేదాన్ని. పిల్లలు "అమ్మా, వినపడట్లేదు" అనేవాళ్లు. కొన్నాళ్లకి అనడం మానేశారు.

చట్టం ఉంది. కువైట్‌లో 2015లో ఇంటిపని వాళ్లకని చట్టం చేశారు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. ఆ మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లు అన్నారు. నా పాస్‌పోర్టు మాత్రం మేడమ్ బీరువాలోనే ఉండేది. కువైట్ సిటీలో హోలీ ఫ్యామిలీ కెథడ్రల్ ఉంది. అరబ్బీ, ఇంగ్లీషు, మలయాళం, ఫిలిప్పీన్స్ వాళ్ల భాష, అన్నిట్లో పూజలు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజ శుక్రవారమే పెట్టేస్తారు. గుడి నిండా మనలాంటి ఆడవాళ్లే. కానీ నేను ఎప్పుడో పండక్కి తప్ప వెళ్లలేకపోయాను, అదీ మేడమ్ మనసు బాగుంటేనే.

అప్పు తీరింది. ఇంటికి స్లాబు పడింది. పెద్దపిల్ల నర్సింగు చదివింది. కూచుని నీతులు చెప్పేవాళ్లకి ఇవి చిన్నవి కావచ్చు, మాకు కాదు. విశ్వాసం అంటారా, మా అత్తగారు ఒక్క రోజు మానలేదు. అక్టోబరులో మరియమాత స్వరూపం ఇల్లిల్లూ తిరిగినప్పుడు మా ఇంట్లో జనం పట్టేవారు కాదంట. పరలోక జపం, మంగళవార్త జపం నా పిల్లలకి నాకంటే బాగా వచ్చు. పోయింది జపం కాదండి. చిన్నాడికి ఒళ్లు కాలితే ఇప్పటికీ అర్ధరాత్రి వాళ్ల నాయనమ్మనే లేపుతాడు. పక్కనే పడుకున్న నన్ను లేపడు.

ఉపదేశిగారబ్బాయి

చూశారా, నేను అంటున్నది ఇదే.

రాజోలు_రిటర్న్

లేదు బాబూ, నువ్వనేది ఇది కాదు. నువ్వు పాపం అన్నావు. నేను నష్టం అంటున్నాను. నష్టానికి పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే చోట) మోకరించక్కర్లేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ వెళ్తాను, మళ్లీ ఏడుస్తాను.

పాలకొల్లు నాన్న

మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక్కటే అర్థం కాలేదు. ఈ ఇళ్లలో మొగాళ్లు లేరా అండి?

మా ఆవిడ మస్కట్‌లో ఉంది. పిల్లలిద్దరూ నా దగ్గరే. పాపకి జ్ఞానస్నానం రోజున ఫాదర్ గారు ప్రశ్నలు అడిగింది ఇద్దరినీ నిలబెట్టి. శ్రీసభ చట్టంలో 774, 1136 నంబర్ల నియమాలు చూడండి, పిల్లల్ని విశ్వాసంలో పెంచే బాధ్యత తల్లిదండ్రులది అని ఉంది, తల్లిది అని లేదు. మరి తల్లుల మీటింగులు పెట్టి వాళ్లకే ఈ క్లాసులన్నీ ఎందుకు పీకుతారు? ఆ పెద్దావిడ ఈ అమ్మాయి భర్తని పిలిచి "బాబూ, రేపటినుంచి జపమాల నువ్వు చెప్పించు" అని ఉండాల్సింది.

మొదట్లో నాకు రాలేదు, దాచుకోను. ఏ రోజు ఏ రహస్యాలో (జపమాలలో ధ్యానించే ఘట్టాలు) తెలిసేది కాదు. మా పాపే అందించేది, "నాన్నా, ఇవాళ మంగళవారం, దుఃఖ రహస్యాలు" అని. ఊళ్లో నవ్వారు కూడా, ఆడంగి పనంట. మోకాళ్లేస్తే మొగతనం పోద్దా ఏంటి! జడ వెయ్యడం మాత్రం ఇంకా సరిగా రాదు.

పంతులమ్మ

ఆయ్! ఇదే నేను అందామనుకున్నది. లూయీ మార్టిన్ చేసింది కూడా ఇదే. జెలీ 1877లో రొమ్ము క్యాన్సరుతో పోయింది. తెరేసాకి అప్పటికి నాలుగున్నరేళ్లు, మన లేసుదారం బాబు వయసే. ఆ తరవాత ఆ ఇంట్లో ప్రార్థన నిలబెట్టింది తండ్రీ, పెద్దక్కలూ. అయిదుగురు కూతుళ్లూ మఠంలో చేరారు. చిన్నది పునీతురాలైంది, 1997లో శ్రీసభ పండితురాలు (గొప్ప బోధకులైన పునీతులకిచ్చే బిరుదు) కూడా అయింది. తల్లి లేకపోతే విశ్వాసం రెండేళ్లు నిలవదన్న మాటకి జవాబు ఆ ఇల్లే.

ఉపదేశిగారబ్బాయి

నేనూ తెరేసమ్మ జీవితం చదివాను. తల్లి పోయాక తను ప్రతి చిన్నదానికీ ఏడ్చే పిల్లగా మారిపోయిందనీ, 1886 క్రిస్మస్ రాత్రి దాకా దాన్నుంచి బయట పడలేదనీ తనే రాసుకుంది. దాదాపు తొమ్మిదేళ్లు. అది మరణం, మనిషి చేతిలో లేదు. ఇది మనం సంతకం పెట్టి తెచ్చుకునేది.

పాలకొల్లు నాన్న గారి మాటకి మాత్రం నా దగ్గర ఎదురు లేదు. మా నాన్నగారు వేలమందికి జపాలు నేర్పారు, మా ఇంట్లో మాత్రం అమ్మే చెప్పించేది. పాపం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, నేను ఫాదర్ని కాను. కానీ నా చెల్లెలైతే ఇప్పటికీ వద్దనే అంటాను. కనీసం బాబు బడికి వెళ్లేదాకా ఆగమంటాను.

లేసుదారం

అందరికీ దండాలండి. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. పాలకొల్లు అన్నయ్య రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. "జపమాల సంగతి నేను చూసుకుంటా, పాప ఫస్ట్ కమ్యూనియన్ అయ్యాక ఆలోచిద్దాం" అన్నారు. వడ్డీ అప్పటిదాకా ఆగుతుందో లేదో షావుకారుని అడగాలి. మార్చిలో నిర్మలగిరి మరియమాత పండక్కి వెళ్లొచ్చి నిర్ణయం తీసుకుంటాం. రాజోలు అక్కా, ఏజెంటు విజిట్ వీసా మీద తొందరగా పంపిస్తానంటున్నాడు. ఫర్వాలేదా?

రాజోలు_రిటర్న్

విజిట్ వీసా అంటే ఆ ఏజెంటుకి ఫోను కూడా ఎత్తకు. ఇంటిపనికి అక్కడ 20వ నంబరు వీసా ఉంటుంది, అది కాక ఏదిచ్చినా ఒప్పుకోకు. మన ప్రభుత్వం లెక్కలో ఆడమనిషికి ముప్పై నిండాలి, నీకు నిండాయి. ఈ-మైగ్రేట్‌లో (విదేశీ పనులకి వెళ్లేవాళ్ల కోసం కేంద్రప్రభుత్వం వెబ్‌సైటు) నమోదు కాకుండా విమానం ఎక్కకు. విదేశీ పనులకి పంపే సంస్థ మన రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అని ఉంది, ముందు అక్కడ అడుగు. కాంట్రాక్టులో వారం సెలవు రాసుందో లేదో చూసుకో. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు మూడూ జిరాక్సులు తీసి ఒక సెట్టు మీ ఆయన దగ్గర పెట్టు. పాప ఫస్ట్ కమ్యూనియన్ అయ్యాక నాకు మెసేజ్ పెట్టు, కాంట్రాక్టు నేను చదివి చెప్తాను.