అట్టున్నరా, అట్టన్నరా?

(ఒక్కో ఊరి పేరు పక్కన ఉన్నది ఆ ఊరివారి మాట.)

అమలాపురం: పక్కింటివారు పెసరట్లు పంపారు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా అని, అబ్బాయి ఢిల్లీ నుంచి తెచ్చిన కుట్టుపిండి, అదే బక్‌వీట్ పిండి, కలిపి అట్లు పోశాను. మొదటి రెండూ పెనం మీదే చిరిగాయి. పోస్తుంటే అమ్మమ్మ మాట గుర్తొచ్చింది: “అట్టు పెడితే అట్టన్నర పెట్టాలి.” అచ్చులో మాత్రం “అట్టున్నర” అని చూసినట్టు గుర్తు. ఏది సరి?

తణుకు: అట్టున్నరే. మాట చివరి అచ్చు అలాగే నిలిచి న్నర చేరుతుంది. గంటన్నర, ఒకటిన్నర, మైలున్నర. అట్టు ఉకారాంతం. ఇందులో చర్చకు తావు లేదు.

రామచంద్రపురం: ఉంది మాస్టారూ. రూపాయి ఇకారాంతమే, అయినా “రూపాయన్నర” అనేవాళ్లు నాకు రోజూ కనబడతారు. అందరినీ దిద్దుతారా?

తణుకు: దిద్దుతాను. 30 ఏళ్లు అదే పని చేశాను.

నరసాపురం: అచ్చు గొడవ సరే, ఆ అర ఏమిటి? అది కొలత కాదని నా ఊహ. పిండి గిన్నె గీరి, అడుగున మిగిలినదానితో పోసే చిట్టి అట్టు. ఇంట్లో పిల్లలకు దక్కాల్సిన దాన్ని కూడా పెట్టేస్తేనే మర్యాద.

భీమవరం: మర్యాద అని ఎవరన్నారు? మా ఇంట్లో ఈ మాట దెప్పిపొడవడానికే వాడతారు. వాళ్లు ఒకటంటే మనం ఒకటిన్నర అనడం.

పాలకొల్లు: కుట్టు హిందీ మాట. తెలుగులో ఒక పేరు పెడదాం. జింకగోధుమ?

రామచంద్రపురం: ఆ బక్ జింక కాదండీ. డచ్చి మాట నుంచి వచ్చింది. గింజ బీచ్ చెట్టు కాయలా మూడు పలకలుగా ఉంటుందని ఆ పేరు. డచ్చివారు వర్తకం చేసిన ఊళ్లో ఉండి మీరే ఇలా అంటే ఎలా? పైగా అది గోధుమా కాదు, గడ్డిజాతీ కాదు. మన చుక్కకూర కుటుంబం. ఉత్తరాదివారు నవరాత్రి ఉపవాసాల్లో తినేది ధాన్యం కింద లెక్కకు రాదనే.

యానాం: ఫ్రాన్సులో బ్రిటనీవాళ్లు దీనితో పల్చటి అట్లు పోసి, మధ్యలో గుడ్డు కొట్టి, నాలుగు వైపులా అంచులు మడుస్తారు. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్నా మా అమ్మ పెనం మీదకు ఆ అట్టు రాలేదు. చిరగడానికి కారణం, గోధుమలో ఉండే సాగుడు దీనిలో లేదు. గుప్పెడు మినప్పప్పు రుబ్బి కలపండి. అంచు తనంతట తాను లేచేదాకా అట్లకాడ పెట్టకండి.

నరసాపురం: అట్లకాడ! అట్లతద్దె! ఆ అకారం చూడండి. అమ్మమ్మగారి “అట్టన్నర”కు దారి అక్కడుంది.

తణుకు: అది బహువచనం మీద వచ్చిన రూపం. ఒక అట్టుకూ ఒక అరకూ బహువచనం ఎక్కడిది?

భీమవరం: ఈ న్నల గోలలో పల్నాటి చాటువు గుర్తొస్తోంది, శ్రీనాథుడిదని చెప్పేది. జొన్నకలి, జొన్నయంబలి, జొన్నన్నము అని న్న మీద న్న పేర్చి “సన్నన్నము సున్న సుమీ” అని తేల్చేస్తాడు. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువు చూసినవాడి అలక అది. ఆ విస్తట్లో కుట్టట్టు పడి ఉంటే ఇంకెన్ని తిట్లు పుట్టేవో.

రామచంద్రపురం: అలక కాదు, వేళాకోళం. కార్చిచ్చు మింగావు సరే, బచ్చలికూరతో ఒక్క జొన్నముద్ద మింగు చూద్దామని కృష్ణుడినే నిలదీసినవాడు అలుగుతాడా?

తణుకు: ఆ కూరలో చింతచిగురు కూడా ఉంది. వదిలేయకండి.

అమలాపురం: మినప్పిండి కలిపాక చిరగలేదు. ఎనిమిది వచ్చాయి, అడుగున ఒక చిట్టి అట్టు. అమ్మకు ఫోను చేసి అమ్మమ్మ ఏమనేదని అడిగాను. “అట్టూ, అరా” అని విడదీసి చెప్పింది.

తణుకు: చూశారా, ఉకారమే.

రామచంద్రపురం: దీర్ఘం వచ్చింది మాస్టారూ.