టెక్సస్ తూర్పు 'డిస్ట్రిక్ట్'ని తెలుగులో ఏమందాం?

సభ్యులకు నమస్కారం. చాలా రోజులుగా నన్ను వేధిస్తున్న ఒక మాట గురించి రాస్తున్నాను: అమెరికా ఫెడరల్ (కేంద్రం) కోర్టుల 'డిస్ట్రిక్ట్'. దాన్ని మన వార్తల్లో 'జిల్లా' అని రాసేస్తున్నాం.

2025 జనవరి 23న సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికాలో పుట్టే పిల్లలకు పౌరసత్వం రాకుండా అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును దేశమంతటా తాత్కాలికంగా ఆపేశారు. హెచ్‌1బి మీద ఉండి పురుడు కోసం ఎదురుచూస్తున్న మనవాళ్ల ఇళ్లలో ఆ వారం ఎలా గడిచిందో నేను దగ్గరుండి చూశాను. మర్నాడు నరసరావుపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. "జిల్లా జడ్జి ఆపేశాడటగా. మన గుంటూరు జిల్లా జడ్జి ఢిల్లీ వాళ్ల ఉత్తర్వు దేశమంతా ఆపగలడా? అదేం జిల్లా నాయనా?"

అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా పెదనాన్న పొలం దావా ఆవిడకు తెలుసు, జిల్లా కోర్టు పైన హైకోర్టు, దాని పైన సుప్రీంకోర్టు అనీ తెలుసు. మనం 'జిల్లా' అనగానే ఆ మెట్లన్నీ కళ్ల ముందుకొస్తాయి. మన దేశంలో కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా అదే జిల్లా కోర్టు విచారిస్తుంది. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, కేంద్రం కోర్టులు వేరు. ఆ కేంద్రం కోర్టుల్లో మొదటి మెట్టు కోసం గీసుకున్న హద్దునే 'డిస్ట్రిక్ట్' అంటారు.

మన జిల్లాకు అక్కడ దగ్గరగా ఉండేది కౌంటీ. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. వాటన్నిటినీ నాలుగు ఫెడరల్ వాటాలు చేశారు. వీటికి కలెక్టరు ఉండడు, పన్ను వసూలు ఉండదు. జడ్జిలు, కేంద్రం తరఫు ప్రాసిక్యూటరు, మార్షల్, జ్యూరీ, అంతే. 1845లో టెక్సస్ యూనియన్‌లో చేరినప్పుడు రాష్ట్రమంతా కలిపి ఒకటే. 1857లో తూర్పు, పడమర అయ్యాయి, 1879లో ఉత్తరం వచ్చింది, 1902లో దక్షిణం. గీసేది రాష్ట్రం కాదు, కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు. ఏ కౌంటీ ఎటు వైపో పేరు పేరునా చట్టంలో రాసి ఉంటుంది. 1789లో దేశం మొత్తానికి 13 ఉండేవి, ఇప్పుడు 94. మనవాళ్లు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీకి ఒక్కటే. వయోమింగ్‌దైతే ఎల్లోస్టోన్ పార్కు కోసం మోంటానా, ఐడహో నేలలోకి కూడా వెళ్లింది. రాష్ట్రం ఎల్ల దాటినది అదొక్కటే.

నా అసలు ఇబ్బంది పేరులోని దిక్కు దగ్గర మొదలైంది. ఇర్వింగ్‌లో ఉన్నన్నాళ్లూ మాది ఉత్తర డిస్ట్రిక్ట్, ఎందుకంటే అది డాలస్ కౌంటీ. ఫ్రిస్కోకి ఇల్లు మారాం. మ్యాపులో చూస్తే డాలస్‌కి ఇంకా పైకి, ఉత్తరానికే వచ్చాం. కానీ ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు తూర్పు డిస్ట్రిక్ట్‌లో, షెర్మన్ డివిజన్‌లో ఉన్నాయి. ఇక్కడ అందరూ 'నార్త్ టెక్సస్' అని పిలుచుకునే చోటే ఉంటూ మేము తూర్పువాళ్లమయ్యాం! కాబట్టి 'ఉత్తర టెక్సస్ జిల్లా కోర్టు' అని రాస్తే అది అబద్ధపు భూగోళం. దిక్కు టెక్సస్‌కి అంటుకోకూడదు, వాటాకే అంటుకోవాలి: 'టెక్సస్ ఉత్తర ___'. ఆ ఖాళీలో ఏం పెట్టాలో చెప్పండి.

మొదటి వ్యాఖ్య

'న్యాయ జిల్లా' ఉందిగా అండీ. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, కోర్టుల పరిధి మాత్రం 2022 జూన్ దాకా పాత లెక్కనే నడిచింది. కలెక్టరు జిల్లా వేరు, కోర్టు జిల్లా వేరు అన్నది అప్పటి నుంచి జనానికి అలవాటే. కొత్త మాట ఎందుకు?

నా జవాబు

మా అమ్మదీ అదే అనుభవం. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కూడా పెద్ద కోర్టుకి గుంటూరే వెళ్లాల్సి వచ్చింది. కానీ మనకు న్యాయ జిల్లా తెలిసి ఉండటమే ఇక్కడ చిక్కు. తెలిసిన మాట కనుక తెలిసిన అర్థమే వస్తుంది, మళ్లీ హైకోర్టు కింద ఉండే జిల్లా జడ్జే గుర్తొస్తాడు.

రెండో వ్యాఖ్య (కర్నూలు నుంచి)

మీరు ఖాళీ వదిలిన చోట మా ప్రాంతం ఒకప్పుడు జవాబు రాసి పెట్టింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన బళ్ళారి, కడప ప్రాంతాలను దొరలు 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అన్నారు. దాన్ని మనవాళ్లు 'దత్త మండలాలు' అని తెనిగించుకున్నారు. డిస్ట్రిక్ట్‌కి మండలం! ఆ 'దత్త' అన్న మాట మింగుడుపడక 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో రాయలసీమ అన్న పేరు తెచ్చుకున్నాం. అంటే మండలమూ వాడాం, సీమా వాడాం. 'న్యాయసీమ' అనండి, చెవికి ఎంత బాగుంది!

మూడో వ్యాఖ్య

మండలం అంటే ఆంధ్రాలో 1985 నుంచి తహసీల్దారు ఆఫీసే గదా. జిల్లా చిన్నదైపోయిందని బాధపడుతూ ఇంకా చిన్నది పెడతారా?

నాలుగో వ్యాఖ్య (హ్యూస్టన్‌లో వకీలు)

అనువాదం మానేసి 'డిస్ట్రిక్ట్' అనే ఉంచండి. టెక్సస్ రాష్ట్రానికి కూడా సొంత 'డిస్ట్రిక్ట్ కోర్టులు' ఉన్నాయి, వాటిని అంకెలతో పిలుస్తారు. ఏ మాట పెట్టినా ముందు 'ఫెడరల్' లేకపోతే రెండూ కలిసిపోతాయి. ఇంకొకటి: ఈ మాట అమెరికా రాజ్యాంగం ఆరో సవరణలోనే ఉంది. నేరం జరిగిన రాష్ట్రం, డిస్ట్రిక్ట్‌ల నుంచే జ్యూరీ రావాలి, ఆ డిస్ట్రిక్ట్ ముందే చట్టం చేత నిర్ణయమై ఉండాలి అని. ముద్దాయికి అది రక్షణ. మాట మార్చేటప్పుడు ఆ బరువు పోకూడదు.

నా జవాబు

మీ నాలుగు వ్యాఖ్యలూ రెండు రోజులు తిప్పి తిప్పి చదివాను. 'ఫెడరల్' ఉండి తీరాలన్నది ఒప్పుకున్నాను, ఇక వదలను.

మాటల పుట్టుక కూడా చూశాను. జిల్లా అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం పక్కటెముక, పక్క. దేశం ఒళ్లయితే జిల్లా ఒక ఎముక. డిస్ట్రిక్ట్ లాటిన్ నుంచి వచ్చింది: ప్రభువు తన అధికారంతో జనాన్ని కట్టడి చేయగలిగినంత మేర నేల. అంటే అది మొదటి నుంచీ అధికార పరిధికి పెట్టిన పేరే. సీమ ఈ రెండింటికన్నా గొప్పది. సంస్కృతంలో హద్దు, మన నోట్లో ఆ హద్దు లోపలి నేల. కోనసీమ, పల్నాటిసీమ. నాకూ మనసు అటే లాగింది. కానీ 'సీమ' అని పత్రికలో రాస్తే ఎవరికైనా రాయలసీమే తడుతుంది, 'సీమ దొర' అంటే ఇంగ్లండు కూడా సీమే అయ్యింది. వార్తలో అంత బరువు మోయలేదు.

మండలం చిన్నదన్న అభ్యంతరం నిజమే. అయినా నేను దానివైపే ఉన్నాను. మండలానికి జిల్లా జడ్జి ఉండడు కనుక 'ఫెడరల్ న్యాయమండలం' అని వింటే నరసరావుపేటలో ఎవరికీ గుంటూరు కోర్టు గుర్తురాదు, ఇదేదో వేరే ఏర్పాటని ఆగి ఆలోచిస్తారు. చోళమండలం అన్నప్పుడు మండలం చిన్నదేమీ కాదు కూడా. కౌంటీని కౌంటీగానే ఉంచుదాం.

నిన్న ఆ సియాటిల్ వార్తనే కొత్తగా రాసి అమ్మకు ఫోన్‌లో చదివాను: "వాషింగ్టన్ రాష్ట్ర పశ్చిమ ఫెడరల్ న్యాయమండలం జడ్జి..." 'రాష్ట్ర' అని ఎందుకు చేర్చానంటే, లేకపోతే రాజధాని అనుకుంటారు. అమ్మ విని కాసేపు ఆగింది.

"అయితే తూర్పు మండలం వాళ్లకి ఆ ఆర్డరు చెల్లదా?"

ఈసారి ప్రశ్న సరైన చోట తగిలింది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు తేల్చింది దీనికి దగ్గరి విషయమే. దేశమంతటికీ వర్తించే అలాంటి ఆజ్ఞలు ఈ కోర్టుల అధికారాన్ని దాటి ఉండవచ్చని, కేసు వేసినవాళ్లకు పూర్తి ఊరట ఇవ్వడం వరకే ఆగాలని చెప్పింది. అంటే ఊరట మండలం ఎల్లలను బట్టి కాదు, కేసులో ఎవరున్నారన్న దాన్ని బట్టి. అమ్మకు అది చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది.