ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ నాది అనిపించడం లేదు, ఎక్కడ సరిచేయాలి?

బొగ్గుగీత:
చార్‌కోల్‌తో (బొమ్మలు గీసే బొగ్గుతో) ఖాళీ గదులు వేస్తాను. 12 బొమ్మల సిరీస్. ప్రదర్శన దరఖాస్తుకి, నా బొమ్మల గురించి నేనే చెప్పుకునే 150 పదాల స్టేట్‌మెంట్ కావాలి. మొదటి వాక్యం ఇలా రాశాను: "నా కళ జ్ఞాపకానికీ కాలానికీ ఉన్న సంబంధాన్ని అన్వేషిస్తుంది." తప్పేమీ లేదు, కానీ ఇంకొకరి శిల్పం పక్కన పెట్టినా ఇదే వాక్యం సరిపోతుంది. ఎలా మార్చాలి?

అచ్చుపలక:
జబ్బేమిటో మీరే పట్టేశారు. అన్వేషిస్తుంది, ప్రతిబింబిస్తుంది, ఆవిష్కరిస్తుంది లాంటి మాటలు చదివితే బొమ్మ కంటికి కనిపించదు. చేతులు చేసే పని రాయండి: రుద్దుతాను, గీకుతాను, తుడుస్తాను. స్టేట్‌మెంట్ సంగతి కాసేపు పక్కనపెట్టి, ఒక్క బొమ్మ ఎదురుగా పెట్టుకుని 10 నిమిషాలు ఆగకుండా రాయండి. కాగితం ఎంత పెద్దది, మొదట ఏం గీస్తారు, రంగు ఎందుకు వాడరు, ఇక చాలని ఎప్పుడు అనిపిస్తుంది. అందులో పనికొచ్చేవి మూడు నాలుగు వాక్యాలే ఉంటాయి, అవి చాలు.
ఇంతకీ గదుల్ని మొదటినుంచీ ఖాళీగానే గీస్తారా?

బొగ్గుగీత:
లేదండీ. మంచం, కుర్చీ అన్నీ గీసి, తర్వాత రబ్బరుతో తీసేస్తాను. పూర్తిగా పోవు, బూడిదరంగు మరక మిగిలిపోతుంది.

అచ్చుపలక:
అసలు విషయం ఇదేనండీ! దీన్ని వదిలేసి జ్ఞాపకం, కాలం అంటూ ఎక్కడికో వెళ్లారు. ఇలా మొదలుపెట్టి చూడండి: "గదిలోని మంచం, కుర్చీ, తలుపు వెనక చొక్కా అన్నీ చార్‌కోల్‌తో గీసి, ఒక్కొక్కటే చెరిపేస్తాను. కాగితం పీచులోకి దిగిన పొడి రాదు. అక్కడ ఆగిపోతాను." జ్ఞాపకం అన్న మాటే లేదు, అయినా చదివేవాళ్లకి తడుతుంది. దీని వెనకే చార్‌కోల్ ఎందుకో ఒక్క వాక్యం: సిరా చెరగదు, చార్‌కోల్ చెరిగినా ఆనవాలు వదులుతుంది. ఇవే గదులు ఎందుకన్నది మాత్రం మీరే రాయాలి, దానికి నమూనా ఎవరూ ఇవ్వలేరు.

తెల్లకాగితం:
పైదానితో ఏకీభవిస్తాను. చదువు, అవార్డులు, పాత ప్రదర్శనలు ఇక్కడ వద్దు, అవి విడిగా ఇచ్చే మీ పరిచయంలోకి (బయోలోకి) వెళ్లాలి. "చిన్నప్పటినుంచీ బొమ్మలంటే ఇష్టం" కూడా తీసేయండి, అది అందరికీ ఉన్నదే. "చూసేవారి మనసుని కదిలిస్తుంది" అని అసలు రాయొద్దు. కదలాలో వద్దో వాళ్లు చూసుకుంటారు.
దరఖాస్తు ఇంగ్లీషులో అయితే తెలుగు చిత్తుప్రతి 100 పదాల దగ్గరే ఆపండి. మన "చెరపలేకపోయాను" ఒక్క మాట అక్కడ నాలుగైదు పదాలవుతుంది. 150 రాసి అనువదిస్తే పరిమితి దాటుతుంది, అప్పుడు కంగారుగా కత్తిరిస్తుంటే మొదట ఎగిరిపోయేవి చొక్కా, పీచు లాంటి మాటలే.

అచ్చుపలక:
ఇంకొకటి. మరక గురించి రాశాక పంపే ఫోటోల్లో ఆ మరక కనిపించి తీరాలి. కాగితం తెల్లగా రావాలని కాంట్రాస్ట్ పెంచితే లేత బూడిదరంగు ముందు మాయమవుతుంది. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన క్లోజప్ ఒకటి, అనుమతిస్తే, జతచేయండి.