స్త్రీల మధ్య ప్రేమ గురించిన పుస్తకాలు: ఎక్కడ వెతకాలి, ఎవరికి ఏది ఇవ్వాలి?

రేవతి_చదువు:
నెలకోసారి కలిసి చదువుకునే ఆడవాళ్ళ బృందం కోసం ఐదారు పుస్తకాలు ఎంచాలి. లెస్బియన్, బైసెక్సువల్ స్త్రీల కథే అసలు కథ కావాలి, పక్కపాత్రగా వచ్చిపోతే చాలదు. తెలుగులో దొరికితే సంతోషం, లేకపోతే ఇంగ్లీషైనా పరవాలేదు. నెట్‌లో కొడితే కోర్టు వార్తలు, లేదంటే మగవాళ్ళ కథలు వస్తున్నాయి. వసుధేంద్ర 'మోహనస్వామి' మంచి పుస్తకమే కానీ అది గే పురుషుల కథ. కొందరు ఇంట్లో అందరి చేతుల్లో తిరిగే ఫోన్‌లోనే చదువుతారు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాతరాక్:
ముందు మాట మార్చి వెతకండి. 'స్వలింగ సంపర్కం' అనేది చట్టం, పోలీసు, వైద్యం వాడే మాట, అందుకే వార్తలే వస్తాయి. 'ద్విలింగ' అని కొడితే ద్విలింగ పుష్పాల పాఠం వస్తుంది. 'ఉభయలైంగిక' అనండి, 'బైసెక్సువల్' అని తెలుగు లిపిలో కూడా కొట్టి చూడండి. ఈమాట, సారంగ, భూమిక పత్రికల పాత సంచికల్లో ఒక్కో సైటుకే పరిమితం చేసి వెతకండి. సమీక్షల్లో ఈ ప్రేమను 'గాఢమైన స్నేహం', 'విడదీయరాని అనుబంధం' అని రాసేస్తుంటారు కాబట్టి ఆ మాటలతోనూ ఒకసారి చూడాలి.

లైబ్రరీలో జరిగే పొరపాటు వేరు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో లెస్బియన్ స్త్రీల గురించిన పుస్తకాలు 306.7663 దగ్గర, బైసెక్సువాలిటీ 306.765 దగ్గర ఉంటాయి. ఆ బీరువాలో ఉండేది సమాజశాస్త్రం మాత్రమే. నవలలు మామూలు నవలల్లోనే కలిసిపోయి ఉంటాయి, వాటికి బయట ఏ గుర్తూ ఉండదు. అందుకని బీరువా వదిలేసి కేటలాగ్‌లో విషయం అనే గడిలో ఇంగ్లీషులో 'లెస్బియన్స్ ఫిక్షన్', 'బైసెక్సువల్ విమెన్ ఫిక్షన్' అని రెండూ విడివిడిగా కొట్టండి. ప్రపంచంలోని లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ వరల్డ్‌క్యాట్‌లో అలా దొరికిన పేరు రాసుకుని, మీ లైబ్రరీలో ఆ పేరుతో అడగండి.

రచయిత పేర్లతో ఇంకో చిక్కు. కమలాదాస్ ఇంగ్లీషులో ఆ పేరుతో, మలయాళంలో మాధవికుట్టి పేరుతో రాశారు, తర్వాత కమలా సురయ్య అయ్యారు. 'చందనమరంగళ్' (1988) కావాలంటే మూడు పేర్లతోనూ వెతకాలి. ఇంగ్లీషు అనువాదం 'ది శాండల్ ట్రీస్ అండ్ అదర్ స్టోరీస్' అనే సంపుటిలో ఉంది. పట్రీషియా హైస్మిత్ నవల 1952లో క్లేర్ మోర్గన్ అనే మారుపేరుతో 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్'గా వచ్చింది, 1990లో సొంత పేరుతో 'కారల్'గా మళ్ళీ వేశారు. రెండూ ఒకటే పుస్తకం, రెండు కాపీలు కొనేయకండి.

సంధ్య_వరుస:
వరుస చాలా ముఖ్యమండీ. ఈ జాబితాలన్నీ ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ 'లిహాఫ్' (1942)తోనే మొదలవుతాయి. నా మాటగా, అది మొదట వద్దు. లాహోర్ కోర్టులో అశ్లీలత కేసు ఎదుర్కొని నిలబడ్డ కథ, గొప్పదే. కానీ బేగం జాన్, ఆమె పనిమనిషి రబ్బూల సంబంధం మనకు ఒక చిన్నపిల్ల భయంలోంచి, గోడమీద ఏనుగులా కదిలే రజాయి నీడలోంచి కనిపిస్తుంది. ఆ పిల్లతో బేగం ప్రవర్తన కూడా కలవరపెడుతుంది. ప్రేమకథ అని చెప్పి చేతిలో పెడితే చదివినామె ఇలాంటి ప్రేమంటేనే ఇంత అనుకుంటుంది. మూడో నెలలో పెట్టి, కోర్టు కేసుతో కలిపి చర్చించండి.

మొదటికి 'కారల్' మేలు. ఆ కాలంలో ఇలాంటి నవలల్లో ఆడవాళ్ళు చివరికి చావడమో, పిచ్చివాళ్ళవడమో, మగవాడి దగ్గరికి తిరిగి వెళ్ళడమో మామూలు. ఇందులో అవేవీ లేవు. రెండోది మంజు కపూర్ 'ఎ మ్యారీడ్ ఉమన్': ఢిల్లీ, భర్త, ఇద్దరు పిల్లలు, బాబ్రీ మసీదు గొడవల రోజులు, వాటి మధ్య ఆస్థకు పిపీలిక మీద ప్రేమ. 'పెళ్ళయింది కదా, మరి లెస్బియన్ ఎలా' అనే ప్రశ్న బృందంలో తప్పకుండా వస్తుంది. బైసెక్సువల్ స్త్రీల గురించి మాట్లాడటానికి సరైన చోటు అదే, ఆ నెల హడావుడిగా ముగించకండి.

అమృతా పాటిల్ 'కారీ' (2008) బొమ్మల నవల, ఎక్కువగా నలుపు తెలుపులో ఉంటుంది. మొదటి పేజీల్లోనే ఇద్దరమ్మాయిల ఆత్మహత్యాయత్నం ఉంది. ఇది ముందే చెప్పి ఇవ్వాలి, చెప్పకుండా ఇవ్వకూడదు. నిజజీవితాలు కావాలంటే మాయా శర్మ 'లవింగ్ విమెన్' (2006): ఉత్తరాదిలో కష్టం చేసుకుని బతికే స్త్రీల జీవితాలు. ఇలాంటి ప్రేమ చదువుకున్న నగరం వాళ్ళ వ్యవహారమనే వాదనకు దానికి మించిన జవాబు లేదు. అశ్విని సుక్తాంకర్ కూర్చిన 'ఫేసింగ్ ది మిర్రర్' (1999)ను మొత్తం చదివించక్కర్లేదు, నాలుగు రచనలు ఎంచుకుంటే ఒక సాయంత్రానికి సరిపోతాయి.

రేవతి_చదువు:
చాలా థాంక్సండీ. సిఫారసు రాసేటప్పుడు ఎంతవరకు చెప్పాలి? కథ బయటపడితే చదవరేమో.

సంధ్య_వరుస:
నాలుగు విషయాలు చెప్పండి: ప్రేమ అసలు కథా, పక్క కథా; చావు, హింస, ఆత్మహత్య ఉన్నాయా; శృంగారం ఏ మేరకు ఉంది; ఇంగ్లీషు ఎంత కష్టం. మలుపులు చెప్పనవసరం లేదు. సారా వాటర్స్ 'ఫింగర్‌స్మిత్' (2002) మొదటి భాగం చివర్లో వచ్చే మలుపు ఎవరైనా ముందే చెప్పేస్తే సగం పుస్తకం పోయినట్టే. ఒక్క మినహాయింపు: చివర్లో ఎవరైనా చనిపోతారా అని ఎవరైనా అడిగితే నిజం చెప్పేయండి. అలా అడిగేవాళ్ళకు ఆ సంగతి తెలియడం అవసరం.

పాతరాక్:
ఫోన్ సంగతి. కిండిల్ ఖాతా ఇంటిల్లిపాదికీ ఒకటే అయితే కొన్న పుస్తకం అందరి లైబ్రరీలోనూ, ఆర్డర్ల పట్టికలోనూ కనిపిస్తుంది. డౌన్‌లోడ్ తీసేస్తే ఆ ఫోన్‌లోంచి పోతుందంతే, ఖాతాలో ఉంటుంది. ఖాతాలో 'కంటెంట్ అండ్ డివైసెస్'లోకి వెళ్ళి శాశ్వతంగా తొలగించాలి. అప్పుడు డబ్బు పెట్టి కొన్నదీ పోతుంది. చదివిన పుస్తకాల జాబితాలు పెట్టుకునే గుడ్‌రీడ్స్ సైటులో అసలు పేరుతో షెల్ఫ్ పెట్టవద్దు. అలాంటి ఫోన్‌లో చదివేవాళ్ళకు అచ్చు పుస్తకమే మంచిది: బృందం పేరుమీద కొని, అన్ని పుస్తకాలకూ ఒకే రకం అట్ట వేసి, కలిసే చోటే బీరువాలో పెట్టండి. ఈ పుస్తకాలకు మాత్రమే అట్ట వేస్తే అవే కళ్ళలో పడతాయి.