లాస్ట్ నేమ్ గడి దగ్గరే నాలుగు గంటలుగా ఇరుక్కుపోయాను

కిమిడి కుర్రాడు (రాత్రి 10:40)
ఎవరైనా మేలుకుని ఉంటే చెప్పండి, బుర్ర పనిచేయడం లేదు. గ్రాడ్యుయేట్ స్కూల్ అప్లికేషన్ నింపుతున్నాను, ఆరున్నరకి కూర్చున్నవాణ్ణి ఇప్పటికీ మొదటి పేజీ దాటలేదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులున్నాయి. లాస్ట్ నేమ్ ఖాళీగా వదిలేస్తే ఎర్రగీత వస్తోంది. చుక్క పెట్టి చూశా, తీసుకోలేదు. అడ్డగీత పెట్టినా అంతే. మధ్యలో కరెంటు పోయి, వైఫై పోయి, మళ్ళీ లాగిన్ అయి మొదట్నుంచి. "రావు" అని కొడితే మాత్రం ఆకుపచ్చ టిక్కు వచ్చి ముందుకెళ్తోంది, కానీ తర్వాత ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారు? గడువు డిసెంబర్ 15. ఫీజు ఒకసారి కడితే తిరిగి ఇవ్వరట. ఏం పెట్టమంటారు?

కోటవీధి (10:52)
గ్రాడ్యుయేషన్‌కి డిసెంబర్‌లో అడ్మిషన్లేంటి తమ్ముడూ? ప్లస్ టూ ఎప్పుడు పాసయ్యావు?

కిమిడి కుర్రాడు (10:53)
డిగ్రీకి కాదన్నా. బీటెక్ అయిపోయింది. ఇది ఎంఎస్‌కి.

కోటవీధి (10:55)
అలాంటప్పుడు పోస్ట్ గ్రాడ్యుయేట్ అని రాయాలి. గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీయే.

చిత్రకొండ (10:56)
అమెరికాలో డిగ్రీ చదివేవాడు అండర్‌గ్రాడ్యుయేట్. దానిపైన అంతా గ్రాడ్యుయేటే. పాస్‌పోర్ట్‌లో ఏముంది?

కోటవీధి (10:59)
అమెరికా అని వాడు ఎక్కడన్నాడు? ఇవతల పాతపట్నంలో గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి ఓటేసేది ఎవరు, ఎంఎస్ చేసినవాళ్ళా? డిగ్రీ పాసైనవాళ్ళేగా. మాటకో అర్థం ఉంటుంది.

కిమిడి కుర్రాడు (11:03)
అమెరికాయే అన్నా, ఎంఎస్ అంటే ఇంకెక్కడికి. అసలు గొడవ ఇది. టెన్త్ సర్టిఫికెట్‌లో స్కూల్ గుమాస్తా నా పేరు చివర రావు అని తగిలించాడు. బీటెక్ మార్క్‌షీట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, రావు లేదు. మా అన్నయ్యకి ఇంటిపేరు చివర్న ఉంది. ఒకే ఇల్లు, నాలుగు రకాలు.

గుణుపురం మాస్టారు (11:20)
బాబూ, ఇది నీ ఒక్కడి కష్టం కాదు, ముప్పై ఏళ్ళు బడిలో రిజిస్టర్లు రాసినవాణ్ణి, నేను చెబుతా విను. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఒడియా వాళ్ళకి చివర ఉంటుంది, పాణిగ్రాహి, పట్నాయక్ అని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఊరు అటు పోయాక మన పిల్లల పేర్లు అప్లికేషన్‌లో ఎటునుంచి చదవాలో ఎవరికీ తెలియకుండా పోయింది. హెడ్‌మాస్టరు "సాంగియా కొణొ" అని అడుగుతాడు, అంటే వంశం పేరు ఏంటని, తండ్రి బెదిరిపోయి తన పేరులో ఆఖరి ముక్క చెబుతాడు. అది రావు. రావు ఇంటిపేరు కాదు, మర్యాదకి తగిలించే మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీది. సవర మాటలకి కూడా అక్షరం కూర్చిన మనిషి నడిచిన వీధుల్లో మన ఇంటిపేరు మనమే సరిగ్గా రాసుకోలేకపోతున్నాం.

చిత్రకొండ (11:22)
పాస్‌పోర్ట్.

కోటవీధి (11:26)
మాస్టారూ నమస్కారం. కానీ 1936కీ దీనికీ సంబంధం లేదండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకీ ఇదే తలనొప్పి. ఇంకోటి, సర్‌నేమ్ అంటే ఇంటిపేరే అవ్వాలని లేదు, కాగితంలో చివర ఏది ఉంటే అదే లాస్ట్ నేమ్. లాస్ట్ అంటేనే చివర కదా.

గుణుపురం మాస్టారు (11:31)
అలాగైతే తండ్రి లాస్ట్ నేమ్ ఒకటి, కొడుకు లాస్ట్ నేమ్ ఒకటి అవుతుంది. ఫ్యామిలీ నేమ్ అని ఎందుకన్నారు మరి?

రాయగడ రైలు (11:38)
ఒక్క మాట చెప్పనా, తిట్టకండి. ఈ తంటా అంతా దేనికి? గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. మన కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ 2009 నుంచి ఉంది, పీజీకి సీయూఈటీ రాస్తే చాలు. ఆంధ్రా వైపు వెళ్దామంటే మాత్రం మనం నాన్ లోకల్, 85 శాతం సీట్లు వాళ్ళ స్థానికులకే, అక్కడ తెలుగువాళ్ళమని చెప్పుకున్నా లాభం లేదు, ఇక్కడ తీసిన కులం సర్టిఫికెట్‌తో అక్కడ రిజర్వేషనూ రాదు. ఆ బాధ నేను పడ్డాను. అయినా దేశంలోనే దారులున్నాయి. మీ నాన్న పొలం తాకట్టు పెట్టి...

కిమిడి కుర్రాడు (11:41)
పొలం సంగతి నేను అడగలేదు భయ్యా. గడి సంగతి అడిగాను.

చిత్రకొండ (11:42)
మూడోసారి అడుగుతున్నా. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గర ఏం రాసుంది?

కిమిడి కుర్రాడు (11:47)
ఖాళీ. పేర్లన్నీ గివెన్ నేమ్ లైనులోనే వరసగా ఉన్నాయి, చివర రావుతో సహా. అందరికీ అంతేగా, అందుకే చెప్పలేదు. ఎంఎస్ సీటు కోసం రాసిన జీఆర్ఈ పరీక్షకి మాత్రం లాస్ట్ నేమ్ రావు అని విడిగా పెట్టి రిజిస్టర్ అయ్యాను. పరీక్ష రోజు ఏమీ అనలేదు, కలిపి చదివితే ఒకటేగా.

చిత్రకొండ (11:48)
హమ్మయ్య. ఇది మొదటే చెబితే ఇంత రామాయణం ఉండేది కాదు. సర్టిఫికెట్లు పక్కన పెట్టు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే వెళ్ళాలి.

బరంపురం అక్క (12:10)
ఇప్పుడే చూశాను, ఇక్కడ మాకు పగలు. నాదీ నీలాంటి పాస్‌పోర్టే తమ్ముడూ, కాబట్టి అనుభవంతో చెబుతున్నా. సర్‌నేమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్ అయితే అమెరికా వాళ్ళు గివెన్ నేమ్ మొత్తాన్నీ ఎత్తి సర్‌నేమ్‌లో పెడతారు. వీసా ఫారం డీఎస్-160లో గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని రాయాలి, పేరు తెలియదు అని దాని అర్థం, వీసా మీద కూడా అదే అచ్చవుతుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం కూడా పాస్‌పోర్ట్‌తో సరిపోవాలి. నువ్వు ఇప్పుడు రావుని విడదీసి పెట్టినంత మాత్రాన అప్లికేషన్ తీసిపారేయరు, సీటు వచ్చాక పాస్‌పోర్ట్ కాపీ చూసి ఐ-20 దగ్గర సరిచేస్తారు, కానీ ఆ మెయిళ్ళకి కొన్ని రోజులు పోతాయి. అందుకని పేరంతా లాస్ట్ నేమ్‌లో పెట్టు. ఫస్ట్ నేమ్ తప్పనిసరి అంటే ఎఫ్ఎన్‌యూ పెట్టు. కొన్ని యూనివర్సిటీలు అదే పేరు రెండు గడుల్లోనూ పెట్టమంటాయి, వాళ్ళ అడ్మిషన్స్ ఆఫీసుకి రెండు ముక్కల మెయిల్ కొట్టి అడుగు.

జీఆర్ఈ పేరు వేరుగా ఉంది కాబట్టి స్కోరు నీ అప్లికేషన్‌కి దానంతట అది అతుక్కోకపోవచ్చు. పుట్టినతేదీ, జీఆర్ఈ రిజిస్ట్రేషన్ నంబరు ఆ మెయిల్‌లోనే రాసెయ్.

ఇంకో సంగతి. ఎఫ్ఎన్‌యూతో వచ్చేస్తే బతకొచ్చు కానీ చికాకే. నేను వచ్చిన కొత్తలో పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చుంటే నర్సు బయటికొచ్చి "ఫ్నూ, ఫ్నూ" అని పిలిచింది, ఎవరో చైనా అమ్మాయి కాబోలని నేనూ అటూ ఇటూ చూశాను. సీటు వచ్చాక, ఐ-20కి ముందే పాస్‌పోర్ట్ రీఇష్యూ పెట్టుకుని సర్‌నేమ్ విడదీయించుకో. ఫీజు 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000.

కోటవీధి (12:18)
విడదీస్తే సర్‌నేమ్ రావా, ఇంటిపేరా? అదే కదా మొదట్నుంచీ నేననేది.

గల్ఫ్ బాబాయ్ (12:25)
విడదీయించుకోవడమే మంచిది. 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు ఒంటిపేరు పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వం అన్నారు. మా బావమరిది టికెట్ కొనుక్కుని ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. వాడిది శ్రీకాకుళమే.

గుణుపురం మాస్టారు (12:31)
పుట్టిన ఊరు కూడా చూసుకో బాబూ. ఒకచోట పర్లాకిమిడి, ఒకచోట పారలాఖెముండి అని ఉంటుంది. నా శిష్యుడొకడికి ఆ ఖ దగ్గరే చిక్కు వచ్చింది.

రాయగడ రైలు (12:33)
ఊరి పేరు ఎవరు పట్టించుకుంటారు మాస్టారూ.

గుణుపురం మాస్టారు (12:34)
పట్టించుకున్నారనే చెబుతున్నాను.

బరంపురం అక్క (12:40)
అన్నట్టు గడువు 15 అంటే వాళ్ళ టైమ్. న్యూయార్క్ వైపు అయితే 15 రాత్రి 11:59 అంటే మనకి 16న పొద్దున 10:29. కాలిఫోర్నియా వైపు అయితే మధ్యాహ్నం 1:29. నీది ఏ వైపు? టెన్షన్ పడి ఈ రాత్రే కట్టేయనక్కర్లేదు, మెయిల్‌కి జవాబు వచ్చేదాకా ఆగు.

కిమిడి కుర్రాడు (12:52)
పేజీ దాటింది. మొత్తం లాస్ట్ నేమ్‌లో పెట్టి ఎఫ్ఎన్‌యూ కొట్టా, తీసుకుంది. ఇప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతోంది, అది మార్క్‌షీటేనా? సరే, రేపు చూస్తా. పొద్దున నాన్న కార్డుతో ఫీజు కడతా. థాంక్స్ అక్కా.

చిత్రకొండ (12:53)
కార్డులో ఇంటర్నేషనల్ ఆన్ చేశావా? కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే ఇస్తారు.

కోటవీధి (12:58)
ట్రాన్స్‌క్రిప్ట్, మార్క్‌షీటు ఒకటి కాదు. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే కాగితం.

బరంపురం అక్క (1:05)
అప్లై చేసేటప్పుడు చాలాచోట్ల మార్క్‌షీట్ల స్కాన్ చాలు, సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ సీటొచ్చాక అడుగుతారు. వాళ్ళ పేజీలో చదువుకో. పడుకున్నాడేమో.

గుణుపురం మాస్టారు (ఉదయం 5:50)
బాబూ, ఇంతకీ మీ ఇంటిపేరేమిటో చెప్పనే లేదు. మీ తాతగారు కాశీనగర్ బజారులో బట్టల కొట్టు పెట్టినవారా?